ఎన్‌పీఎస్ పైసలు ఎందుల పెట్టాలె? 26 ఏండ్లకు నేను మార్చుకున్న

నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల ఒక ఫార్మా కంపెనీల క్యూసీల, అంటే మందుల క్వాలిటీ చెక్ చేసే కాడ చేస్తున్న. జాయినైనప్పుడు ఎన్‌పీఎస్, అంటే రిటైరయినంక పెన్షన్ కోసం పైసలు జమ చేసే స్కీమ్ ఫామ్ ఇచ్చిన్రు, అందుల ఈ అంటే షేర్లు, సీ అంటే కంపెనీ బాండ్లు, జీ అంటే సర్కారు బాండ్లు, ఎందుల ఎంత శాతమో రాయాలె, సర్కారుది అంటే సేఫ్ గదా అని జీల 100 రాసి సంతకం పెట్టిన. రెండేండ్లు మళ్ళా తెరిచి చూడలే.

మొన్న పేస్లిప్ చూస్తుంటే మనసుల వడ్డది. నా బేసిక్ 25,000, అందుల 10 శాతం, అంటే నెలకు 2,500 కంపెనీ ఎన్‌పీఎస్‌ల ఏస్తది. పీఎఫ్ వేరే కట్ అయితది, దానిమీద 2024-25కు 8.25 శాతం వడ్డీ ఇచ్చిన్రు. అంటే సేఫ్‌గ ఉండే పైసలు నాకు ఆల్రెడీ పీఎఫ్‌ల ఉన్నయ్, మరి 60 దాకా ముట్టుకోని ఈ పైసలు గూడ బాండ్లల్లనే ఎందుకు పెట్టిన? ఇంకా 34 ఏండ్లున్నయ్. లెక్క ఏసి చూసిన, నెలకు 2,500 చొప్పున 8 శాతం వస్తే సుమారు 52 లక్షలు, 10 శాతం వస్తే 85 లక్షలు. గ్యారంటీ ఏం లేదు, ఊకె లెక్కనే, కానీ రెండు శాతానికి ఇంత తేడా అని నాకెవ్వలు చెప్పలే.

షేర్లల్లకు మారుస్త అంటే నాయిన వద్దన్నడు. షేర్లంటే జూదం అంటడు. గుర్రంపోడు కాడ మాకు బత్తాయి తోట ఉండె, అందుకే నేను "బత్తాయి పెట్టినంక నాలుగైదేండ్లు కాత రాదు, అయినా చెట్టు పీకుతమా నాయినా" అన్న. ఆయన కొంచెంసేపు ఊకున్నడు. "బోర్లు ఎండినప్పుడు నరికినం గదరా" అన్నడు.

నిజమే, కాపుకొచ్చిన చెట్లకు ట్యాంకర్లు కొట్టించి కొట్టించి ఆఖరికి నరికినం, నేను అప్పుడు టెన్త్. ఆ మాట రెండు దినాలు మనసుల్నే తిరిగింది.

2020 మార్చిల షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 7,600కు పడ్డది, నవంబర్ కల్లా మళ్ళా జనవరిల ఉన్న కాడికి వచ్చింది. గట్ల పడ్డా 26 ఏండ్లోనికి నష్టం కాదు, అదే 2,500కు ఎక్కువ యూనిట్లు వస్తయ్. కానీ 58ల పడితే? లేశేదాకా ఆగే టైమ్ ఉండదు, నాయిన అన్నది అదే.

అందుకే శాతాలు మనమే రాసే యాక్టివ్ చాయిస్ ఇడిసిపెట్టి, వయసును బట్టి అదే మార్చే ఆటో చాయిస్‌ల ఎల్‌సీ75 అనే ప్లాన్ తీసుకున్న. 35 దాకా 75 శాతం షేర్లల్ల ఉంటది, ఆ తర్వాత ఏడాదికి కొంచెం కొంచెం అదే తగ్గిస్తది, నేను యాది పెట్టుకునే పని లేదు. నచ్చకపోతే మళ్ళా మార్చుకోవచ్చు, ఏడాదికి నాలుగు సార్లు ఛాన్స్ ఉన్నది.

ఆదివారం ఇంటికి పోతే నాయిననే అడిగిండు, "ముసలోనివైనంక షేర్లల్ల ఎంత ఉంటది?"

"55కు రూపాయిల 15 పైసలే."

"గట్లయితే కానియ్యి. పీఎఫ్ మాత్రం ముట్టకు."