నరాల పరీక్షలో నొప్పి: నా అనుభవం

రాత్రిళ్లు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తప్ప నిద్ర పట్టని స్థితి వచ్చాక, డాక్టరు గారు నరంలో సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో చిన్న కరెంటు షాకులతో చూసే ఎన్‌సీవీ, కండరంలో సూది గుచ్చి చూసే ఈఎంజీ పరీక్షలు రాసిచ్చారు. ఆ చీటీ రెండు నెలలు బీరువాలోనే ఉండిపోయింది. కిందటేడాది నరాల పరీక్ష చేయించుకున్న మా వదిన "ప్రాణం పోయినంత పనైంది" అనడమే అందుకు కారణం.

చివరికి జనవరిలో మలక్‌పేట నుంచి మెట్రోలో వెళ్లాను. ఆసుపత్రిలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు చాలా ఏళ్లుగా షుగరు ఉందట. "కాళ్లకు కరెంటు పెట్టారమ్మా, చీమ కుట్టినట్టయినా లేదు" అని ధైర్యం చెప్పారు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదని ఆ తరువాత ఆయన అన్నప్పుడు, నొప్పి తెలియకపోవడానికి కారణం స్పర్శ తగ్గిపోవడమేనని అర్థమై మనసు చివుక్కుమంది.

లోపల ముందుగా నా చేతులను వేడినీళ్లలో పెట్టించారు. చర్మం 32 డిగ్రీల కన్నా చల్లబడితే బాగున్న నరం కూడా నెమ్మదిగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుందట. మణికట్టు దగ్గర మొదటి షాక్ చెప్పకుండానే ఇచ్చారు. నేను ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకోవడంతో తెరమీద గీత చెదిరి, మళ్లీ చేయాల్సి వచ్చింది. "ఇచ్చే ముందు ఒక్క మాట చెప్పండి బాబూ" అని అడిగాను. నరంలోని పోగులన్నీ స్పందించేదాకా కరెంటు పెంచుతూ పోతారు కనుక చివరి షాకులే బలమైనవి. అయినా, చెప్పి ఇచ్చినప్పుడు వాటిని మొదటిదానికన్నా తేలికగా ఓర్చుకోగలిగాను.

తరువాత డాక్టరు గారు సూది పరీక్ష చేశారు. ఆ సన్నని సూదిలోంచి కరెంటు రాదు, కండరంలో పుట్టే విద్యుత్తునే అది వింటుంది. చెయ్యి వదులుగా ఉంచితే నిశ్శబ్దం. కాస్త బిగిస్తే స్పీకరులో రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. ముంజేతిలో గుచ్చినప్పుడు పెద్దగా తెలియలేదు గానీ, బొటనవేలి మొదట్లోని కండలో గుచ్చినప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని రిపోర్టులో వచ్చింది. ఇంటికి వచ్చి వదినను వివరంగా అడిగితే, నడుము నొప్పి కోసం ఆమెకు రెండు కాళ్లలోనూ వెన్ను పక్కనా సూదులు గుచ్చారని తెలిసింది. ఆ సంగతి ముందే అడిగి ఉంటే రెండు నెలలు నిద్ర లేకుండా గడిపేదాన్ని కాదు. మొన్న మా పక్కింటి పిన్నిగారు ఇదే పరీక్ష చీటీ పట్టుకొచ్చి "నొప్పి ఉంటుందా?" అని అడిగినప్పుడు, సూది కూడా రాశారా, చేతికా కాలికా, రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా అని ముందుగా నేనే అడిగాను.