విమానానికీ విమానానికీ మధ్య చెన్నై: ఒక నడక పటం నమోదులు

సింగపూరులో ఉద్యోగం, రాజమండ్రిలో ఇల్లు ఉన్న నాకు సెలవులకు వచ్చినప్పుడల్లా చెన్నైలో విమానం మారవలసి వస్తుంది. రెండు విమానాల మధ్య వ్యవధి ఎంత తక్కువగా ఉంటే అంత మేలని అందరూ అనుకుంటారు గానీ, నేను దానిని కావాలనే పది పన్నెండు గంటలకు పెంచుకుని, నగరంలో ఏదో ఒక దారిని ఎంచుకుని నడిచి, నడిచినంత మేరా కాగితపు పటం మీద ఎర్ర సిరాతో గీసుకోవడాన్ని వ్యాపకంగా చేసుకున్నాను. నేను గే వ్యక్తిని. నడకకూ దీనికీ సంబంధమేమిటని అడగవచ్చు. ఎవరిని ఎక్కడ కలుసుకోవాలి, ఏ వేళకు ఏ చోటి నుంచి వచ్చేయాలి, ఎవరేమి అడిగితే ఏమి చెప్పాలి అన్న మూడు ప్రశ్నలకు నా సమాధానాలు వేరుగా ఉంటాయి కనుక, నా పటం కూడా వేరుగానే తయారవుతోంది.

గంటల లెక్క

టికెట్టు మీద పది గంటల వ్యవధి కనిపించినంత మాత్రాన పది గంటలూ మన చేతిలో ఉన్నట్టు కాదు. విదేశం నుంచి వచ్చి దేశీయ విమానం ఎక్కేవారు మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ముగించుకోవాలి. పెట్టెలను కూడా అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. దీనికి గంటన్నర, తిరిగి వచ్చాక భద్రతా తనిఖీకీ ఇతరత్రా వాటికీ రెండు గంటలు, రాకపోకలకు మరో రెండు గంటలు తీసేస్తే నడకకు మిగిలేది నాలుగున్నర గంటలే. అందుకే వీపు సంచీ ఒక్కటే తెచ్చుకుంటాను. పెద్ద పెట్టె ఉన్న రోజున నడకను రద్దు చేసుకోవడమే మంచిది, ఎందుకంటే ఏ కౌంటరు ఎప్పుడు తెరుస్తారో చూస్తూ కూర్చోవడంలోనే సగం పూట గడిచిపోతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మిత్రులు వీసా లేదా భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు లేకుండా బయటికి రాలేరన్నది కూడా టికెట్టు కొనక ముందే చూసుకోవలసిన విషయం.

చెన్నైలో కలిసివచ్చేది ఏమిటంటే విమానాశ్రయం ఊరికి ఆనుకునే ఉంటుంది. మెట్రో నీలి మార్గం విమానాశ్రయం నుంచే మొదలై గిండీ, సైదాపేట, తేనాంపేట మీదుగా సెంట్రల్‌కూ, అక్కడి నుంచి హైకోర్టుకూ వెళ్తుంది. సెంట్రల్ చేరడానికి ముప్పావు గంట చాలు. టికెట్టు యాభై రూపాయలు దాటదు. జీఎస్టీ రోడ్డుకు అవతల ఉన్న తిరుసూలం స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కితే ఇంకా చౌకగా మాంబళం, ఎగ్మూరు, బీచ్ స్టేషన్లకు చేరవచ్చు. తొలి రోజుల్లో నేను మెట్రోనే ఎక్కేవాణ్ణి. ఇప్పుడు వెళ్లేటప్పుడు లోకల్, వచ్చేటప్పుడు మెట్రో అన్న పద్ధతి కుదిరింది, ఎందుకంటే వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూడటానికి ఊరు కావాలి, వచ్చేటప్పుడు నమ్మదగిన సమయం కావాలి.

ఎర్ర గీతలో మొదటి భాగం: మాంబళం, పాండీ బజారు

మొదటి గీతను త్యాగరాయ నగరంలో గీశాను. ఆ పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు, దాని నడుమ ఉన్న పార్కుకు పానగల్ రాజా పేరు పెట్టారు, ఇద్దరూ తెలుగువారే. మాంబళం స్టేషన్‌లో దిగి రంగనాథన్ వీధి జనంలోంచి బయటపడి, పానగల్ పార్కును చుట్టి, వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల దేవస్థానం వారి గుడి వరకు నడిస్తే తీరిగ్గా గంటన్నర పడుతుంది. ఎవరూ ఎరుగని ఊరిలో కాసేపు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా తిరగాలన్నది నా మొదటి ఆలోచన. చెన్నై విషయంలో ఆ ఆలోచన చెల్లదని అక్కడి ఆంధ్రా మెస్‌లోనే తెలిసింది.

వడ్డిస్తున్న పెద్దావిడ నా మాట వినగానే, "ఏ ఊరు నాయనా మీది?" అన్నారు.

"రాజమండ్రి అండీ."

"పెళ్లయిందా?"

"లేదండీ. ఆ ఆలోచన లేదు."

"అలాగంటే ఎలా నాయనా! మా తమ్ముడి కూతురు కొవ్వూరులోనే ఉంది," అంటూ ఆవిడ కందిపొడి మీద మరో చెంచా నెయ్యి వేశారు.

అరగంటలో లేచి వెళ్లిపోయేవాడు తన జీవితమంతా విప్పి చెప్పనక్కరలేదు, అబద్ధమూ ఆడనక్కరలేదు. "ఆ ఆలోచన లేదు" అన్న మాట నిజమే కనుక అక్కడితో ఆపుతాను. ఊరిలో లేని ప్రియురాలిని కల్పించి చెప్పే మిత్రులు నాకు ఉన్నారు. ఆ కల్పన తరువాతి ప్రశ్నకు దారి తీస్తుంది, ఆ ప్రశ్న మరో కల్పనకు, ఈలోగా సాంబారు చల్లారుతుంది.

ఎగ్మూరు: పగటి పూట, అందరూ తిరిగే చోట

డేటింగ్ యాప్ ద్వారా పరిచయమైన వారిని ప్రయాణ మధ్యలో కలుసుకోవడం గురించి నేను పెట్టుకున్న నియమాలు కఠినమైనవి. మన నగరాలలో యాప్‌ల ద్వారా పిలిచి, గదిలో చుట్టుముట్టి, ఫొటోలు ఇంటికి పంపుతామని బెదిరించి డబ్బు గుంజే ముఠాల వార్తలు తరచూ వస్తూనే ఉన్నాయి. విమానానికి వేళవుతున్న మనిషి ఫిర్యాదు చేయడానికి ఆగడని వారికి బాగా తెలుసు. కనుక కలయిక పగటి పూట, టికెట్టు కొని లోపలికి వెళ్లే చోట, ముందుగా వీడియో కాల్‌లో ముఖం చూసుకున్న తరువాత మాత్రమే జరగాలి. వారి వాహనం ఎక్కను, పాస్‌పోర్టును చొక్కా లోపలి సంచీలోంచి తీయను, ఎక్కడున్నదీ సింగపూరులోని ఒక స్నేహితుడికి ఫోన్‌లో కనిపించేలా ఉంచుతాను. ఒకవేళ ఎవరైనా బెదిరిస్తే అది భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. బాధితుడు గే అన్న సంగతి మాత్రం నేరం కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేర పరిధి నుంచి బయటపడింది, దానిని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌కు సమానమైనది 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త సంహితలో లేనే లేదు. అత్యవసరానికి 112 నంబరు సరిపోతుంది.

ఈ నియమాలన్నిటికీ సరిపోయే చోటు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైన ఆ సంస్థ ఆవరణలోనే కనెమరా గ్రంథాలయం కూడా ఉంది, చెట్ల నీడ ఉంది, అడుగడుగునా కాపలాదారులు ఉన్నారు. శుక్రవారం మూసి ఉంటుందన్నది గుర్తుంచుకోవాలి. చెన్నైలోనే పుట్టి పెరిగిన తెలుగు మిత్రుడు ఒకరిని అక్కడే కలుసుకున్నాను. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకల ముందు నిలబడి, "నాకు అమరావతి అంటే ఇదే అన్నా, ఊరు ఇంకా చూడలేదు," అన్నాడు. ఆయన తెలుగులో ప్రతి మూడో మాట తమిళం. నా తెలుగులో ప్రతి మూడో మాట ఇంగ్లీషు. ప్రేమ వ్యవహారంగా మొదలు కావలసిన పరిచయం ఆ పలకల ముందే స్నేహంగా స్థిరపడింది, దానికి ఇద్దరం చింతించలేదు.

చెన్నైలో గే ప్రయాణికుడు వెతుక్కోవలసింది బార్లను కాదు, క్యాలెండరును అని చెప్పినవాడు ఆ మిత్రుడే. రోజూ తెరిచి ఉండే ప్రత్యేకమైన చోట్ల కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఈ ఊరిలో ఆ జీవితం సభలుగా, చలనచిత్రోత్సవాలుగా, చర్చలుగా తేదీల మీద నడుస్తుంది. గే, ట్రాన్స్ వ్యక్తుల కోసం సహోదరన్ సంస్థ 1998 నుంచి, ఓరినం బృందం 2003 నుంచి పనిచేస్తున్నాయి. ఈ వ్యక్తులు తమ గౌరవాన్ని చాటుతూ జూన్ నెలలో చేసే ప్రైడ్ ఊరేగింపు 2009లో, స్వలింగ సంబంధం నేరం కాదంటూ ఢిల్లీ హైకోర్టు జూలై 2న తొలి తీర్పు చెప్పడానికి కొద్ది రోజుల ముందు, మెరీనాలో మొదలైంది. ఆ సంగతి తెలిశాక జూన్ టికెట్టును చివరి ఆదివారానికి జరుపుకున్నాను. ఊరేగింపులో మామూలు చొక్కాతోనే నడిచాను. ముఖం కనిపించకూడదనుకునేవారు మాస్కు పెట్టుకోవడం అక్కడ వింత కాదు. ఫొటో తీసే ముందు అడగాలన్న మర్యాదను అక్కడివారు పాటిస్తారు, బయటి నుంచి వచ్చే కెమెరాలవారు అందరూ పాటించరు. ఇంట్లో ఇంకా చెప్పనివారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి.

హైకోర్టు, జార్జి టౌను

మెట్రోలో హైకోర్టు స్టేషన్ దగ్గర పైకి వస్తే 1892 నాటి ఎర్ర భవనం కనిపిస్తుంది. లోపలికి వెళ్లడం నా ఉద్దేశం కాదు. 2021 జూన్ 7న న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ వెలువరించిన ఉత్తర్వుల వల్లనే ఆ గోడ వెంట నడవాలనిపించింది. ఒకరినొకరు ప్రేమించుకుని మదురై నుంచి చెన్నైకి వచ్చేసిన ఇద్దరు యువతుల కేసు అది. తల్లిదండ్రుల ఫిర్యాదులతో పోలీసులు వెంటపడుతుంటే వారు రక్షణ కోరారు. ఈ విషయంలో తన అవగాహన చాలదని న్యాయమూర్తి స్వయంగా ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్న తరువాతనే ఉత్తర్వులు ఇచ్చారు. చికిత్స పేరుతో లైంగికతను మార్చే ప్రయత్నాలను నిషేధించాలన్నారు, పోలీసులు వేధించరాదన్నారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం పోలీసుల ప్రవర్తనా నియమావళిలోనే ఆ వేధింపును నిషేధిస్తూ సవరణ చేసింది. 2025 మే నెలలో ఇదే హైకోర్టు మరో కేసులో, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని, తాము ఎంచుకున్న వారితో ఏర్పరచుకునే కుటుంబం కూడా గుర్తింపు పొందిన భావనేనని చెప్పింది. మెస్‌లోని పెద్దావిడకు ఆ తీర్పు ప్రతిని ఇవ్వాలని ఒక క్షణం అనిపించింది గానీ, ఆవిడకు కొవ్వూరు పిల్ల గురించిన ఆసక్తే ఎక్కువ.

అక్కడి నుంచి వెనుక వీధులలో కొన్ని తెలుగు వర్తకుల పేర్లతో ఉంటాయి. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి దాటి కొత్వాల్ చావడి దగ్గరి కన్యకాపరమేశ్వరి దేవస్థానం వరకు నడవవచ్చు. పటం మీద చిన్న దూరమే, కానీ మోపెడ్లు, తోపుడు బండ్ల మధ్య రెండింతల సమయం పడుతుంది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక నడవడానికి అదే అనుకూలం.

విశ్రాంతి గది గురించి

వ్యవధి రాత్రి పూట పడితే కొన్ని గంటలకు గది కావాలి. ఇద్దరు మగవారు కలిసి గది తీసుకోవడం మన దేశంలో ఒక మగ, ఒక ఆడ తీసుకోవడం కన్నా చాలా సులువు. రిసెప్షన్‌లో ఎవరూ తల ఎత్తరు. ఇబ్బంది వేరే చోట వస్తుంది. ఆధార్ మీద చెన్నై చిరునామా ఉన్న మిత్రుణ్ణి, స్థానికులకు గదులు ఇవ్వబోమంటూ ఒక హోటలువారు తిప్పి పంపారు. బుక్ చేసే ముందే ఫోన్ చేసి అడగడం ఒక్కటే దీనికి మందు.

వానాకాలం, ఎండాకాలం

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2015 డిసెంబరులో విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వల్ల రన్‌వే మీదికి నీరు వచ్చింది. ఆ నెలల్లో మెట్రో మార్గానికి దూరంగా వెళ్లను. మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇంటిని, ఇప్పటి స్మారక భవనాన్ని, చూడాలనుకుని రెండు మార్లు వాన వల్ల తేనాంపేట దగ్గరే ఆగిపోయాను. చివరికి ఫిబ్రవరిలో వీలుపడింది. ఫిబ్రవరి ఈ వ్యాపకానికి అన్నిటికన్నా మంచి నెల.

పటంలో ఇప్పుడు ఖాళీగా ఉన్నది దక్షిణ తీరం. తిరుమయిలై స్టేషన్‌లో ఎత్తు మీద నడిచే రైలు ఎక్కి తిరువాన్మియూరులో దిగి, సముద్రం వెంట బెసంట్ నగర్ వైపు నడవాలని అనుకుంటున్నాను. ఈసారి మిత్రుడు కూడా వస్తానన్నాడు. టికెట్టు మే నెలలో దొరికింది కనుక తీరపు నడకను ఉదయం తొమ్మిదిలోపే ముగించాలి. ఎండ ముదిరితే అదే రైలు మార్గంలో కోట్టూరుపురం స్టేషన్ ఉంది, దానికి దగ్గరలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చుని మధ్యాహ్నం దాకా చదువుకోవచ్చు, అక్కడి నుంచి గిండీ మెట్రోకు ఆటోలో వెళ్లిపోవచ్చు.