నాన్న తలలోని గీత

నిన్న నాన్న చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. ఆరూ! ఒకటి మాత్రం కాజా తప్పింది, నేను నోరు మెదపలేదు.

పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, బిగుసుకుపోయే మెదడు జబ్బు) వచ్చి పదకొండేళ్లు. పోయిన ఏడాది మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెట్టారు. డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అంటారు. మామూలుగా అందులో కరెంటు సెకనుకు సుమారు 130 సార్లు, రోజంతా ఒకే మోతాదులో పోతూ ఉంటుంది. ఎక్కువైతే మాట ముద్దయ్యేది, తక్కువైతే కాళ్లు నేలకి అతుక్కుపోయేవి. మొదటి నెలలంతా అదే టెన్షన్.

ఈసారి డాక్టర్ గారు ట్యాబ్‌లో ఒక గీత చూపించారు. ఆ తీగ కరెంటు పంపడమే కాదు, మెదడు సంకేతాల్ని వింటుంది కూడా. అందులో 13 నుంచి 30 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు) మధ్య ఉండేవి బీటా తరంగాలు. పొద్దున్న మాత్ర వేసుకోకుండా వెళ్లాం కదా, సరిగ్గా అక్కడ గీత కొండలా లేచి ఉంది. కరెంటు కొంచెం కొంచెం పెంచుతుంటే కొండ కరిగింది, నాన్న పిడికిలి విచ్చుకుంది. (వణుకు కంటే బిగుసుకుపోవడంతోనే ఈ బీటా కొండకి చుట్టరికం ఎక్కువ.) ఈ సంకేతాన్ని బట్టి పరికరమే కరెంటు పెంచి తగ్గించుకునే పద్ధతికి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో అనుమతిచ్చింది.

నాన్న స్టీల్ ప్లాంట్ మనిషి. "ఇందులో వింతేముందిరా? మీటర్ చూడకుండా వాల్వ్ ఎవడు తిప్పుతాడు?" అన్నారు.

సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచారు. మురీ మిక్చర్ పొట్లం తనే పట్టుకున్నారు. సగం ఒలికింది, మిగతా సగం నాకు పెట్టలేదు.