ములాఖత్ ప్రయాణం

"చర్లపల్లి జైలుకు పోవాలంటే ఉప్పల్‌లో దిగాలా బిడ్డా?" హన్మకొండ బస్టాండులో ఒక పెద్దమ్మ అడిగింది. చేతిలో ఇస్త్రీ చేసిన రెండు చొక్కాలు, పైన ఆధార్ జిరాక్సు. కొడుకు రిమాండులో ఉన్నాడట. "అన్నం ముట్టడం లేదంట. నా ముఖం చూస్తే తింటాడు."

2021లో వరంగల్ సెంట్రల్ జైలు కూల్చేశాక ఇక్కడివాళ్లకు ములాఖత్ అంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆమెకు టికెట్ ఖర్చయినా తప్పింది.

2022లో దేశంలోని జైళ్లలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్క. లోపలికి వెళ్లిన తొలి రోజులే పెద్ద గండం. కౌన్సెలింగ్ కావాలి, కాదనను. ఇంటి మనిషి కనబడటం మాత్రం చిన్న మందా?

వీడియో కాల్‌లో ఖైదీని చూసి మాట్లాడే ఈ-ములాఖత్ ఉంది కదా అన్నాను. బటన్ల ఫోను తీసి చూపించింది.

బెంగ ఇంటివాళ్లకూ ఉంటుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఆ ఫోను చాలు. నంబరు రాసిచ్చాను.