నవంబరు పని

నవంబరు వచ్చిందంటే మా ఇంట్లో రెండు పనులు ఆగవు. ఒకటి సార్వా వరి కోతలు, రెండోది దొడ్డమ్మ లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నానని ఏటా ఇచ్చే కాగితం. ఈసారి కోతల హడావుడిలో నాన్నకి తీరిక లేక నన్ను తీసుకెళ్ళమన్నాడు. పెందలాడే వంట ముగించుకుని ఇద్దరం ఆటోలో తాడేపల్లిగూడెం బయల్దేరాం. రోడ్డు మీద సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంది. పైన మబ్బు. దొడ్డమ్మ దారి పొడుగునా ఆకాశం వంకే చూస్తూ "బరకాలు సరిపోతాయంటావా?" అని అడుగుతూనే ఉంది.

సెంటర్లో వేలిముద్ర పడలేదు. ఏటా ఇంతేనట. తడిగుడ్డతో తుడిచి, పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించింది అక్కడి అమ్మాయి. ఆ వేళ్ళు నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. బొటనవేలి కొస నున్నగా అరిగిపోయి మెరుస్తోంది, గీత అన్నదే లేదు. యాభై ఏళ్ళ పైగా నాట్లూ కలుపులూ చేదతాళ్ళూ చూసిన చేతులు. ఆఖరికి ఫోన్ కెమెరాతో ముఖం తీస్తానంది ఆ అమ్మాయి. దొడ్డమ్మ ఫొటో అనుకుని బిగదీసుకుని కూర్చుంది. "కళ్ళార్పాలి మామ్మగారూ, ఆర్పితేనే తీసుకుంటుంది" అని చెప్పాక పనైంది.

కాగితం ప్రింటు తీస్తూ "తాతగారు ఎప్పుడు రిటైరయ్యారండీ?" అనడిగింది ఆ పిల్ల.

"అవలేదమ్మా. డెబ్బై ఒకటి యుద్ధంలో పోయారు."

ఆ పిల్ల తలెత్తి చూసింది. "సారీ మామ్మగారూ" అని, డబ్బులిస్తే తీసుకోలేదు. దొడ్డమ్మ ఊరుకోలేదు, బల్ల మీద పెట్టే వచ్చింది.

పెదనాన్న బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సాపర్. సైన్యానికి ముందు నడిచి దారి చేసే పని వాళ్ళది. నదుల మీద వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం. మా డెల్టాలో ఇంటింటా పటం కట్టుకున్న కాటన్ దొర కూడా మద్రాసు ఇంజనీర్ల దళంలో ఆఫీసరే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు తాగి పెరిగిన కుర్రాడు మళ్ళీ ఆ ఇంజనీర్ల దగ్గరికే వెళ్ళాడని తాతయ్య గర్వంగా చెప్పుకునేవాడట.

ఉత్తరాల మీద ఎప్పుడూ ఒకటే అడ్రసు ఉండేది, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు. కాశ్మీరులో ఉన్నా పంజాబులో ఉన్నా అదే. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలిసేది కాదు. 1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. పశ్చిమ సరిహద్దులో షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య మన ట్యాంకులకు దారి చేసినవాళ్ళు సాపర్లు, అదీ ఎదురుగా గుళ్ళు పడుతుంటే. పెదనాన్న పోయింది అక్కడే. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో విని ఊళ్ళో మిఠాయి పంచారు. తాతయ్య కూడా పంచాడు. టెలిగ్రాం ఆ తర్వాత వచ్చింది.

మనిషిని తీసుకురాలేదు. అప్పట్లో అక్కడే దహనం చేసేవారు. కొన్నాళ్ళకి నల్లటి ట్రంకు పెట్టె వచ్చింది, మీద తెల్ల పెయింటుతో పేరూ నంబరూ. యుద్ధంలో పోయిన జవాన్ల భౌతికకాయాల్ని ఇళ్ళకు చేర్చడం 1999లో కార్గిల్ యుద్ధంతో ఆనవాయితీ అయింది. అప్పుడు నేను చిన్నదాన్ని. టీవీలో జెండా కప్పిన పెట్టెలు చూపిస్తుంటే ఇంట్లో అందరం ఏడుస్తున్నాం. దొడ్డమ్మ మాత్రం "వీళ్ళకి ముఖమైనా చూపించారు" అని లేచి వెళ్ళిపోయింది.

యుద్ధంలో పోయిన జవాను భార్యకి వచ్చే పెన్షన్ మామూలు ఫ్యామిలీ పెన్షన్ కంటే ఎక్కువ, ఆఖరి జీతంతో సమానం. ఆ డబ్బు దగ్గరే మా ఇంట్లో పెద్ద గొడవయింది. కన్నది నేనైతే డబ్బు దానికా అంది నాయనమ్మ. దొడ్డమ్మకి అప్పుడు ఇరవై ఏళ్ళు, పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు వచ్చేయమన్నారు. నాయనమ్మని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. కొడుకు శవాన్ని కూడా చూడని తల్లి ఆవిడ. కానీ ఆ మాటలు పడ్డది దొడ్డమ్మ. పడి, అక్కడే ఉండి, ఆ డబ్బుతోనే మా నాన్నని డిగ్రీ దాకా చదివించింది. ఈ సంగతి మాకు నాన్న చెప్పాడే తప్ప ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు.

మాకు దగ్గర్లోనే మాధవరం ఉంది. ఇంటికొక జవాను అని పేరుపడి, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. పెన్షన్ కాగితం ఎలా నింపాలో ఆ ఊళ్ళో ఏ అరుగు మీద అడిగినా చెప్తారు. ఏ అర్జీ పెట్టాలన్నా అక్కడ ఒక రిటైర్డ్ సుబేదారు గారి దగ్గరికి వెళ్ళి రాయించుకునేదట దొడ్డమ్మ. మా ఊళ్ళో మిలిటరీకి వెళ్ళింది పెదనాన్న ఒక్కడే. ఆవిడ కష్టం పోల్చుకోవడానికి ఇంకో ఇల్లు లేదు. నాకు తలుచుకుంటే ఎక్కువ బాధనిపించేది ఇదే.

తిరిగొస్తూ ఊరి బయట ఆటో దిగి చేల గట్టు మీదుగా నడిచాం, బరకాలు చూసుకోవచ్చని. దారిలో బోదె మీద చిన్న సిమెంటు వంతెన ఉంది. ఊళ్ళో దాన్ని మిలిటరీ వంతెన అంటారు. ఎందుకంటారో నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ దొడ్డమ్మే చెప్పింది. పెళ్ళయిన ఏడాది సెలవుకి వచ్చినప్పుడు, ఆవిడ క్యారేజీ పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగి రావడం చూసి పెదనాన్న తాటిమాను నిలువునా చీల్పించాడట. చదును పక్క పైకి పెట్టి, కాలు జారకుండా అడుగడుక్కీ అడ్డబద్దలు కొట్టి, గట్లు కుంగకుండా రెండు వైపులా రాళ్ళు పేర్చాడట. "ధాన్యం బస్తా భుజాన పెట్టుకుని దాని మీద గంతులేశారే మీ పెదనాన్న! విరుగుతుందేమోనని నాకు టెన్షన్. లారీ అయినా వెళ్తుందని ఆయన." ఆ మాట చెప్తూ గట్టిగా నవ్వింది. పెదనాన్న గురించి చెప్తూ ఆవిడ నవ్వగా చూడటం నాకు ఇదే మొదలు.

ఇన్నేళ్ళూ ఆయన ఎలా పోయాడనే అడిగాం అందరం. బడిలో జెండా పండక్కి పిలిచినా అదే, ఇంటికొచ్చినవాళ్ళూ అదే. ఆ కథ మాకందరికీ నోటికొచ్చు. ఈ తాటి వంతెన సంగతి మా నాన్నకైనా తెలుసో లేదో. అప్పటికి ఆయన హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇవాళే ఇదంతా రాసిపెట్టాలనిపించింది.

నడుస్తూ ఢిల్లీ మాటెత్తాను. 2019లో ఇండియా గేట్ దగ్గర కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేల పైన పేర్లు గ్రానైటు పలకల మీద చెక్కారు. నాన్న ఎన్నాళ్ళ నుంచో తీసుకెళ్తానంటున్నాడు, ఈవిడే దాటేస్తోంది. అన్ని పేర్లలో ఎలా వెతుకుతాం అంటుందనుకున్నాను. దొడ్డమ్మ పెదనాన్న ఆర్మీ నంబరు మొదటి అంకె నుంచి ఆఖరి దాకా గడగడా చెప్పింది.

"నంబరు చెప్తే చూపించరేంటి? వెళ్దాంలే అమ్మడూ. ఈ ధాన్యం ఇంటికి చేరి, దాళ్వా నాట్లు కానీ."