అమ్మ ముగ్గుల సైటు: ఫొటోల బరువు తగ్గించిన నాలుగు వారాలు

మొదటి వారం. ధనుర్మాసం నెల రోజులూ అమ్మ వాకిట్లో వేసిన ముగ్గులను ఫోనుతో తీశాను. మొత్తం 58 ఫొటోలు. ఒక్కొక్కటి 4000 పిక్సెళ్ల వెడల్పు, నాలుగైదు ఎంబీల బరువు. అన్నింటినీ ఉన్నవి ఉన్నట్టే పేజీలో పెట్టి, ఊళ్లో ఉన్న పిన్నికి లింకు పంపాను. "మూడు ముగ్గులు కనిపించాయిరా, మిగతా చోట్ల ఏదో తిరుగుతూనే ఉంది" అంది. లెక్క చూస్తే పేజీ బరువు 250 ఎంబీలు దాటింది. ఎవరి కోసం మొదలుపెట్టానో ఆమెకే తెరుచుకోకపోతే ఈ సైటు ఎందుకు?

రెండో వారం. పిన్ని ఫోనులో పేజీ వెడల్పు 360 పిక్సెళ్లు. తెర సాంద్రతను (పేజీ లెక్కలోని ఒక్కో పిక్సెల్‌కు తెర మీద ఎన్ని చుక్కలున్నాయో) బట్టి దానికి మూడు రెట్లు పంపినా 1080 చాలు. అందుకే ప్రతి ఫొటోకూ 480, 1080, 1600 వెడల్పుల్లో మూడు ప్రతులు చేశాను. ‘ఎస్ఆర్‌సీసెట్’ (పేజీ కోడులో ఫొటో ప్రతుల జాబితా రాసే చోటు)లో మూడింటినీ రాసి, దాని పక్కనే ఉండే ‘సైజెస్’లో ఫొటో ఎంత చోటులో కనబడుతుందో చెబితే, ఏది తెచ్చుకోవాలో బ్రౌజరే తేల్చుకుంటుంది. అసలు ఫొటోలు వేరే ఫోల్డరులో భద్రంగా ఉన్నాయి. కుదించినదాన్నే మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

ప్రతులను సీవెబ్‌పీ అనే ప్రోగ్రాముతో, నాణ్యత నూటికి 80 పెట్టి, వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మార్చాను. ఐఫోన్ల బ్రౌజరు సఫారీ కూడా 2020 నుంచి వెబ్‌పీని చూపిస్తోంది కాబట్టి పాత ఫార్మాట్ జేపెగ్‌లో ప్రతులు విడిగా పెట్టలేదు. 1080 ప్రతి సుమారు 150 కేబీలకు దిగింది. అయితే నిలువుగా తీసిన ఫొటోలన్నీ అడ్డం తిరిగాయి! ఫోను బొమ్మను తిప్పి దాచదు. ఎటు తిప్పి చూపాలో ఫొటో ఫైల్లోనే దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో రాసి ఊరుకుంటుంది. సీవెబ్‌పీ మనం చెబితే తప్ప ఆ సమాచారాన్ని ఉంచదు. ముందుగా ఫొటోలను సరిచేసే ప్రోగ్రాము ఇమేజ్‌మ్యాజిక్‌లో ‘ఆటో ఓరియంట్’తో తిప్పించి, తర్వాత మార్చాను. ఎగ్జిఫ్ పోవడం ఒకందుకు మేలే. మా ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా అందులోనే ఉన్నాయి.

మూడో వారమంతా ఒక్క ముగ్గు దగ్గరే ఆగిపోయాను. భోగి నాటిది: 15 చుక్కలు, సందు చుక్క 8 వరకు. తామర రేకుల నిండా ఎరుపు, అంచున సన్నని తెల్ల గీత. పెద్దది చేసి చూస్తే ఆ తెలుపులోకి ఎరుపు పాకి గులాబీ చార కనిపించింది. వెబ్‌పీ వెలుగునీడలను ప్రతి పిక్సెల్‌కూ దాచుకుంటుంది, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే దాచుతుంది. చెట్టూ కొండా అయితే ఆ తేడా కంటికి ఆనదు. అమ్మ వేళ్ల సందు నుంచి జారిన పిండిగీత దగ్గర ఆనుతుంది. నాణ్యత 95కు పెంచితే బరువు పెరిగిందే కానీ చార పోలేదు. ‘షార్ప్ వైయూవీ’ అనే, రంగుల అంచులను జాగ్రత్తగా కుదించే సీవెబ్‌పీ ఆప్షన్ చేర్చాక 80 దగ్గరే అంచు తేటపడింది. మొత్తం 58నీ మళ్లీ మార్చాను.

ఇంకొకటి గమనించాను. కళ్లాపి తడి ఆరకముందు తీసిన ఫొటోలు తేలిగ్గా ఉన్నాయి. పొడి ఇసుక నేల మీద తీసినవి అదే నాణ్యతలో దాదాపు రెట్టింపు. కుదించే ప్రోగ్రాముకు ప్రతి ఇసుక రేణువూ దాచాల్సిన వివరమే. వచ్చే ఏడు ఎండ ఎక్కకముందే కెమెరా పట్టుకోవాలి.

ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టాలని ఎంతో ఆశపడ్డాను. కానీ చిరునామాను కాపీ చేస్తే ఒక్క ‘మ’ తొమ్మిది గుర్తులుగా మారుతోంది. అందుకే ఫైళ్లకు తేదీ, చుక్కల సంఖ్య చాలనుకున్నాను. తెలుగంతా, ఫొటో చూడలేనివారికి దాని బదులు అందే ‘ఆల్ట్’ వర్ణనలో రాశాను: "15 చుక్కల సందు చుక్క ముగ్గు, మధ్యలో ఎర్ర తామర."

నాలుగో వారం. పైన కనిపించే రెండు ఫొటోలు వెంటనే, మిగతావి కిందికి జరిపేకొద్దీ దిగేలా ‘లోడింగ్ లేజీ’ పెట్టాను. ప్రతి ఫొటోకూ ఎత్తు, వెడల్పు రాశాను కాబట్టి చోటు ముందే సిద్ధంగా ఉంటుంది, చదువుతున్న వాక్యం కిందికి దూకదు. తెరవగానే దిగేది ఇప్పుడు ఒక ఎంబీ లోపే.

నిన్న సాయంత్రం పిన్ని అమ్మకు ఫోను చేసి, పదిహేడో రోజు ముగ్గులో మెలిక ఏ చుక్క దగ్గర వెనక్కి తిరిగిందని అడిగింది. ఫొటోలో అది సరిగ్గా తెలియడం లేదట. ఆ ముగ్గు వేస్తున్నప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో ఉంది, 210 ఎంబీలు. ఈ వారం పని దాని మీదే.