మా వాడి ఊరి పేరున్న నోటు

పిల్లలు మన ఊరినే తమ ఊరనుకోవాలని మనకు ఉంటుంది కానీ, వాళ్లు పెరుగుతున్న ఊరిని ముందు మనసారా సొంతం చేసుకోనివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా అబ్బాయికి పాత నోట్ల పిచ్చి. కాయిన్ షోలో మా ఒహాయో ఊరి పేరు అచ్చువేసి ఉన్న 1929 సిరీస్ పది డాలర్ల నోటు కనపడింది, ఇక అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు! 1863 నుంచి 1935 దాకా అమెరికాలో చిన్నచిన్న ఊళ్ల బ్యాంకులు కూడా ప్రభుత్వ బాండ్లు ట్రెజరీ దగ్గర హామీగా పెట్టి తమ పేరు మీద నోట్లు ఇచ్చేవి. అమెరికా తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్ బొమ్మకు ఎడమపక్క నల్లటి అక్షరాల్లో బ్యాంకు పేరు, ఊరి పేరు, క్యాషియర్, ప్రెసిడెంట్ సంతకాలు, అంచుల్లో చార్టర్ నంబరు (ప్రభుత్వం ఆ బ్యాంకుకిచ్చిన గుర్తింపు నంబరు), కుడివైపు గోధుమరంగు సీలు.

పాతదైతే చాలు బోలెడు డబ్బొస్తుందనుకుంటారు, అలా ఏం కాదు. న్యూయార్క్, చికాగో పెద్ద బ్యాంకుల నోట్లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. అదే ఏ మారుమూల బ్యాంకో కొద్దిగా నోట్లిచ్చి మూతపడి, ఇప్పుడు నాలుగైదే మిగిలాయంటే ధర ఎక్కడికో పోతుంది. అందుకే ఏ బ్యాంకువి ఎన్ని మిగిలాయో కలెక్టర్లు లెక్క రాసిపెట్టుకుంటారు. తర్వాత చూసేది నోటు ఎంత నలిగిందని. దయచేసి ఇస్త్రీ చేయకండి, కడగకండి, తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు, విలువ పడిపోతుంది. ఇక రాష్ట్రాలు కాకముందు ఓక్లహోమా, అరిజోనా టెరిటరీ పేర్లతో వచ్చినవైతే మనం చూసి ఆనందించడమే.

ఆ క్యాషియర్ ఎవరో తెలుసుకోవాలని వాడు లైబ్రరీలో పాత పేపర్లన్నీ తిరగేశాడు. ఆయన ఇల్లు మా స్కూల్ బస్సు దారిలోనే ఉందట! ఆ ఊపులోనే వీడియో కాల్‌లో మా బాపును అడిగాడు, "తాతా, మీ వరంగల్‌లో కూడా ఇట్లాంటి నోట్లుండేవా?" అని. ఇక చూడాలి బాపు సంబరం. చిన్నప్పుడు చూసిన హాలీ రూపాయల, అంటే నిజాం సంస్థానపు సొంత డబ్బు కథలన్నీ చెప్పారు. హైదరాబాద్ సంస్థానం 1918 నుంచి సొంత నోట్లు వేసుకుంది, వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉండేవి. తెలుగు క్లాసంటే ముఖం ముడుచుకునే మా వాడు ఆ నోటు ఫోటోను పెద్దది చేసుకుని ఆ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు, ఎవరూ చెప్పకుండానే. నాకు ఎంత సంతోషమేసిందో!

ఇప్పుడు పుట్టినరోజుకు నిజాం నోటు కావాలంటున్నాడు. అసలుదో నకిలీదో చూసి చెప్పగలిగినవాళ్లు ఒహాయోలో ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, వచ్చే షోకి మాతో తీసుకెళ్తాం.